డ్రెస్సర్ గారి ఇల్లుబండి

ఆంగ్ మో కియో, సింగపూర్
జూన్ 1999

ప్రియమైన పార్థసారథికి,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితం తీసి మళ్ళీ సొరుగులో పెట్టాను. కిందికి దిగి కాఫీ కొట్టులో కూర్చున్నాను. కొట్టు యజమాని నా మొహం చూసి, "ఏంటి అంకుల్, లాటరీ పోయిందా?" అన్నాడు. లాటరీ పోతే ఇంత దిగులెందుకు, అది ప్రతి వారం పోయేదేగా! స్నేహితుడు రాసిన మంచి ఉత్తరంలో ఒక్క వాక్యం చేపముల్లులా గొంతులో అడ్డుపడింది. దాని సంగతి చివర చెబుతాను. ముందు నీ వ్యాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు తగిలించి చూడు అని ఎవరూ అనలేదు. డెబ్భైకి దగ్గరపడ్డాక నువ్వు ఆ పని చేశావు. ఒకప్పుడు రబ్బరు తోటల మీద తిరిగిన ఆస్పత్రి వ్యానును వేలంలో కొని, లోపల మంచం, స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము బిగించి, సూర్యకుమారిని ఎక్కించుకొని, పాత స్నేహితులందరినీ చూస్తూ మలేషియా చుట్టి వస్తానంటున్నావు. బాగుంది. కాని దాని పక్కమీద ఎర్ర శిలువ గుర్తు అలాగే ఉంచేశానన్నావే, దాన్ని చెరిపించు. జనం నిజమనుకుంటారు. నువ్వు కూడా అనుకుంటావేమోనని నా భయం.

నాకు చదువు చెప్పింది చెట్టియార్ కొట్టులోని పప్పు పొట్లాలని నీకు తెలుసు. పొట్లం విప్పడం, కాగితం చదవడం. అందుకే నాకు అన్నీ సగం కథలే వచ్చు. ఒక పొట్లంలో, ఇలాగే కారవాన్‌లో దేశం తిరిగిన తెల్లవాడి కథ ఉండేది. అడవిలో బండి ఆపి దీపం ఆర్పి పడుకున్నాడు. బయటనుంచి ఎవరో తలుపు తట్టారు. సరిగ్గా అక్కడ కాగితం చిరిగింది. ఆ తట్టిందెవరో ఇప్పటికీ నాకు తెలియదు. నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ వాడే గుర్తొస్తున్నాడు.

సరే, సుంగై పాలా రబ్బరు తోటలో ఒకే వరస ఇళ్ళలో పెరిగిన నలుగురం మనం. ఈశ్వరరావు ఇప్పోలో లారీలు తిప్పి ముసలివాడయ్యాడు. బాలనాగమ్మ పినాంగ్‌లో మనవల్ని పెంచుతోంది. నేను సింగపూర్ రేవులో ఓడలకు కరెంటు తీగలు లాగీ లాగీ, ఇప్పుడు పన్నెండో అంతస్తులో కుర్చీ లాక్కొని కూర్చున్నాను. నువ్వొక్కడివే చదువుకొని తోట ఆస్పత్రిలో కట్లు కట్టి మందులిచ్చే డ్రెస్సర్‌వి అయ్యావు. డాక్టరు దొర ఎప్పుడో నెలకోసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ కాన్పయినా, కలరా అయినా, పాము కరిచినా నువ్వే.

ఇక ఆ వాక్యం. "సూర్యకుమారి షుగరుకు నేనే ఒక లేహ్యం కనిపెట్టాను, ఇన్సులిన్ సూదులు మెల్లగా మానిపిస్తున్నాను" అని రాశావు. పార్థసారథీ, అది నాకు నచ్చలేదు. నాకు మలేరియా ముదిరినప్పుడు "వీడు తెల్లారేలోగా పోతాడు" అని డాక్టరు దొర కారెక్కి వెళ్ళిపోతే, నా పళ్ళ మధ్య చెంచా దూర్చి క్వినైన్ పోసి బతికించినవాడివి నువ్వు. నీ చేతిని శంకించడానికి నాకు నోరెక్కడిది? రాయకుండా ఊరుకుందామనుకున్నది అందుకే. అయినా రాశాను. ఆమెకు సూదులు మానిపించకు.

నీ
విశ్వనాథం

•

ఇప్పో
ఆగస్టు 1999

ఒరే విశ్వం,

నీ ఉత్తరం నాకంటే ముందే ఈశ్వరరావు ఇంటికొచ్చి కూర్చుంది. బండిలో తిరిగేవాడికి ఉత్తరం రాయడం నీకు బాగా పట్టుబడింది. ఇకమీదట కూడా ఇలాగే, నేను వెళ్ళబోయే చోటికి రాస్తూ ఉండు.

ఎర్ర శిలువ చెరిపించమంటావా? ఆ గుర్తే మాకు అన్నం పెడుతోందిరా. మొన్న తాపా దగ్గర దురియన్ పళ్ళ కోసం ఆపితే, ఒక మలయ్ ముసలమ్మ మోకాలు పట్టుకొని బండెక్కేసింది. నూనె రాసి కట్టు కట్టాను. దిగేటప్పుడు, "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు, తువాన్?" అని అడిగింది. తోట అమ్మేసి, ఆస్పత్రి తలుపుకు మేకులు కొట్టిన తరువాత ఆ మాట నన్నడిగినవాళ్ళు లేరు. సూర్యకుమారి నవ్వి, "బయల్దేరండి దొరగారూ, పళ్ళు కుళ్ళిపోతాయి" అంది.

ఈశ్వరరావును చూస్తే జాలేసింది. పొద్దున ఎర్ర మాత్ర, మధ్యాహ్నం తెల్లది, రాత్రికి అరముక్క. "ఇది భోజనమట్రా?" అన్నాను. "రక్తపోటు, డ్రెస్సరూ, ఏం చెయ్యమంటావు? నువ్వు మానెయ్యమంటే ఈ క్షణం మానేస్తా" అన్నాడు. మానెయ్యమన్నాను. ఆ మాత్రలన్నీ వాడి చేతే కాలవలో పోయించి, నా లేహ్యం సీసా ఇచ్చాను. వాడి కొడుకు చక్రధర్ మొహం చిట్లించాడు. కంప్యూటర్ల కంపెనీలో పని వాడికి. ఈ కాలం పిల్లలకు తెరమీద కనిపిస్తేనే నిజం.

సూర్యకుమారి సూదులు సగానికి తగ్గించాను. నీ భయం పక్కన పెట్టు. మనిషి సన్నబడింది, పెళ్ళినాటి నడుం వచ్చింది. బిందెడు నీళ్ళు తాగుతోంది. ఒంట్లో విషమంతా కడుక్కుపోతోందన్నమాట. తరువాత మజిలీ పినాంగ్. బాలనాగమ్మ ఇంటికి రాయి.

నీ
పార్థసారథి

అన్నయ్యకు నమస్కారాలు. నేను బాగున్నాను. పెళ్ళినాటి నడుం వచ్చిన మాట నిజమే, గాజులు మాత్రం చేతికి నిలవడం లేదు. – సూర్యకుమారి

•

ఆంగ్ మో కియో, సింగపూర్
సెప్టెంబరు 1999

ప్రియమైన పార్థసారథికి,

ఈ ఊళ్ళో ఇప్పుడందరిదీ ఒకటే భయం. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లు రెండు సున్నాలు చూసి బెదిరిపోతాయట, బ్యాంకులు మూతపడతాయట, విమానాలు రాలిపోతాయట. ఆ సున్నాలకు బెదరకుండా వాటికి ధైర్యం చెప్పడానికి మన దేశం నుంచి పిల్లల్ని విమానాల నిండా దింపుతున్నారు. అందులో ఒకమ్మాయి, ఉదయశ్రీ, కరీంనగర్ పిల్ల, నా రెండో గదిలో అద్దెకుంటోంది. సెలవు లేదు, నిద్ర లేదు. వంట మాత్రం బాగా చేస్తుంది, కారం చేతిని అదుపులో పెట్టుకుంటే.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, అసలు మాటకు రావడానికి చెయ్యి ఆడక. చక్రధర్ ఫోన్ చేశాడు. ఈశ్వరరావు పోయాడు. నువ్వు వెళ్ళిన కొద్ది రోజులకే స్నానాల గదిలో పడిపోయాడట. తలలో నరం చిట్లింది. మాత్రలు మానేసిన సంగతి డాక్టర్లు అడిగి తెలుసుకున్నారు. కుర్రవాడు నీ పేరెత్తి ఏమీ అనలేదు. "డ్రెస్సర్ అంకుల్ ఇచ్చిన సీసా ఇంకా ఫ్రిజ్‌లో ఉంది, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడంతే. 

వాడి వయసు వాడిది, వాడి రోజు వాడిది అని నువ్వంటావు. అను. కాని సూర్యకుమారి విషయంలో అనకు. ఉదయశ్రీకి చెబితే, చేతిలో గరిట అలాగే పట్టుకొని నిలబడిపోయింది. "ఏంది అంకుల్, ఇన్సులిన్ బంద్ చేసిండ్రా? మా అమ్మకు గూడ గట్లనే అయింది, సన్నబడుడు, దూప దూప అనుడు. అది బాగైతున్నట్టు కాదు, షుగర్ మీదికి వొయినట్టు. ఆంటీని దవాఖానకు తీస్కపొమ్మని చెప్పుండ్రి!" అంది. దూప అంటే దాహం. నేను నమ్మక మా పేట క్లినిక్ డాక్టరును అడిగాను. ఆయన కూడా అదే మాట అన్నాడు, కొంచెం మెత్తగా.

సూదులు మళ్ళీ మొదలుపెట్టు. నువ్వు బతికించినవాణ్ణి, ఒక్కసారి నా మాట విను.

విశ్వనాథం

•

బాతు ఫెరింగి, పినాంగ్
అక్టోబరు 1999

విశ్వనాథం గారికి,

మీ ఉత్తరం అందింది. ఈశ్వరరావు పోయినందుకు నాకంటే ఎక్కువ బాధ మరెవరికీ ఉండదు. వాడు మా పక్కింటివాడు. నా చేతి లేహ్యం వల్ల పోయాడని మీరు రాయలేదు. రాయకుండానే చదువుకొనేలా రాశారు. పప్పు పొట్లాల చదువు తక్కువదేం కాదు.

బాలనాగమ్మ కూడా మీ పాటే పాడింది. సీసా ఇస్తే ముట్టుకోలేదు. "గోడమీద మా ఆయన ఫోటో పక్కన జాగా ఖాళీగానే ఉండనీ డ్రెస్సరూ, నేనప్పుడే ఎక్కను" అంది. మీరిద్దరూ ముందే మాట్లాడుకున్నారని తెలుసు. నేను కన్నబిడ్డల్లా చూసుకున్నవాళ్ళు ఇవాళ అద్దెకున్న పిల్లల్ని అడిగి నాకు వైద్యం నేర్పుతున్నారు. అన్నం తినకుండానే బయల్దేరాం.

ఆ సాయంత్రం సముద్రం ఒడ్డున బండి ఆపాను. మిగిలిన ఇన్సులిన్ సీసాలు నీళ్ళలోకి విసిరేశాను. సూర్యకుమారి చూస్తూ కూర్చుంది. ఆమెకు నామీదున్న నమ్మకం అది. ఇప్పుడు పగలు కూడా హాయిగా నిద్రపోతోంది. ఆమె మూత్రానికి వెళ్ళిన చోట చీమలు బారులు తీరుతున్నాయి. ఒంట్లోని చక్కెర ఎలా బయటికి పోతోందో నా కళ్ళతో నేను చూస్తున్నాను. ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక్కణ్ణుంచి తూర్పు తీరానికి వెళుతున్నాం. అక్కడ మనవాళ్ళెవరూ లేరు. కనుక మీరు రాయడానికి చిరునామా కూడా ఉండదు.

పార్థసారథి, డ్రెస్సర్

•

కువాంటన్ పోస్టాఫీసు
అక్టోబరు ఆఖరు, 1999

అన్నయ్యకు సూర్యకుమారి నమస్కరించి రాయునది.

ఆయన ఎదుటి వీధిలో టైరు మార్పిస్తున్నారు. ఈలోగా రాయాలి. నా చేతిరాత ఇలా ఉన్నందుకు ఏమనుకోవద్దు, అక్షరాలు రెండురెండుగా కనిపిస్తున్నాయి.

మీరు రాసినవన్నీ నేను చదివాను. నాకు ఏమవుతోందో నాకు తెలుసు. నలభై ఏళ్ళు డ్రెస్సర్ భార్యను, ఆ మాత్రం తెలియదా? మరి ఎందుకు ఊరుకున్నావని మీరు అడుగుతారు. తోట ఆస్పత్రి మూసిన దగ్గర్నుంచీ ఆయన పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకొని వరండాలో కూర్చొనేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. జ్వరమొస్తే అందరూ టౌనుకు పోతున్నారు. చివరికి నాకొచ్చిన షుగరొక్కటే మిగిలింది ఆయనకు. నేను కూడా టౌను డాక్టరు దగ్గరికి పోతానంటే ఆ మనిషి ఏమైపోతాడు? మొదట కొన్నాళ్ళు ఆయన కోసమని ఊరుకున్నాను. ఇప్పుడు వద్దనడానికి ఓపిక లేదు. నిన్న బండి దిగబోయి పడిపోయాను.

నాకు చావాలని లేదన్నయ్యా. మా చెల్లెలు కాత్యాయని కూతురి పెళ్ళి చూడాలనుంది.

ఆయన్ని తిట్టి రాయకండి. తిడితే ఇంకా దూరం పోతారు. పోలీసులతో చెప్పకండి. ఆయన బండి ఆపరు. మీకు జబ్బు చేసిందని రాయండి. డాక్టర్లు వదిలేశారని, నువ్వే దిక్కని రాయండి. రోగి పిలిస్తే ఆయన ఆగరు. ఇక్కడే పోస్టాఫీసుకు ఆయన పేరున రాయండి. తూర్పు తీరంలో పెద్ద ఊరు ఇదే కనుక మీరు ఊహించి రాస్తారేమోనని రోజూ వచ్చి అడుగుతున్నారు. చిరునామా ఉండదని మీకు కోపంగా రాశారు గాని, మీ ఉత్తరం కోసమే ఈ ఊరు కదలడం లేదు.

సూర్యకుమారి

•

ఆంగ్ మో కియో, సింగపూర్
నవంబరు 1999

డ్రెస్సర్ గారికి,

నీ మీద అలిగే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు. పది రోజుల నుంచి అన్నం సహించడం లేదు. గుండె ఎడంపక్క గువ్వలా కొట్టుకుంటోంది. కాళ్ళు నీరు పట్టాయి. ఇక్కడి డాక్టర్లు ఫోటోలు తీశారు, మళ్ళీ తీశారు, చివరికి "వయసు, అంకుల్" అన్నారు. వయసుకు మందు రాసివ్వమంటే నవ్వారు. మలేరియానాడు డాక్టరు దొర కారెక్కి వెళ్ళిపోయాడు చూడు, వీళ్ళు కారు కూడా ఎక్కలేదు. తరువాతి రోగిని పిలిచారంతే.

నీ లేహ్యం వద్దని రాసినవాణ్ణి ఇప్పుడు అదే అడుగుతున్నాను. పోస్టులో పంపకు. నాడి చూడకుండా మందిచ్చే మనిషివి కాదు నువ్వు. నువ్వే రా. సూర్యకుమారిని కూడా తీసుకురా. ఉదయశ్రీ వండే గంజిలో కూడా కారం ఉంటోంది. దారిలో ఎక్కడా ఆగకు. వాన కాలం వచ్చేసింది, తూర్పు రోడ్లు మునుగుతాయని రేడియో చెబుతోంది. ఉత్తరం అందిన పూటే బయల్దేరు. ఎవరు చెయ్యెత్తి ఆపినా ఆపకు. వాళ్ళందరి కంటే పాత రోగిని నేను.

నిన్నే నమ్ముకున్న
విశ్వం

•

మెర్సింగ్
నవంబరు 1999

ఒరే విశ్వం,

భయపడకు. వస్తున్నాను. నీ ఉత్తరం చేతికందిన గంటలోనే బయల్దేరాం. నీ లక్షణాలు రెండుసార్లు చదివాను. ఇది నేను కుదర్చగలిగిందే. ఆ మాత్రలేవైనా మింగుతుంటే వెంటనే ఆపు. ఉప్పు తగ్గించు. ఎడంపక్కకు తిరిగి పడుకోకు.

కాని మెర్సింగ్ దగ్గర రోడ్డు మునిగింది. రెండు పక్కలా నీళ్ళు, మధ్యలో మిట్టమీద మా బండి. లారీలన్నీ ఆగిపోయాయి. పోస్టు మోటారుసైకిల్ వాడొకడు మాత్రం కొండ దారిన పోతానన్నాడు. వాడి చేతికే ఇది ఇస్తున్నాను.

సూర్యకుమారి గురించి అడిగావు. మందు ఒంటికి పూర్తిగా పట్టింది. నిన్నటి నుంచి బండంతా మగ్గిన పండు వాసన. ఏమిటా అని చూస్తే ఆమె ఊపిరి! లేహ్యంలో నేను వేసిన నేరేడు గింజల గుణమది. ఊపిరి కూడా మునుపటిలా పైపైన కాదు, పొట్టలోంచి బలంగా తీస్తోంది. నిద్రలో కూడా వినిపిస్తుంది. కాస్త వాంతులున్నాయి. అవి గతుకుల వల్ల. మాట అంతగా లేదు. నీ పేరు చెబితే మాత్రం కళ్ళు తెరిచి, "దగ్గరికొచ్చామా?" అంది.

నీళ్ళు తీయగానే బయల్దేరతాం. నువ్వు ధైర్యంగా ఉండు.

నీ
పార్థసారథి

•

వార్డు బయటి బెంచీ, సింగపూర్
నవంబరు ఆఖరు, 1999

అమ్మా సూర్యకుమారీ,

ఇది పోస్టులో వేసే ఉత్తరం కాదు. నీ తలగడ కింద పెడతాను. కళ్ళు నిలిచాక చదువుకో. నువ్వు నిద్రలో ఉండగా జరిగినవి నీకు ఎవరో ఒకరు చెప్పాలి. మీ ఆయన చెప్పేలా లేడు.

మెర్సింగ్ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ నేను కిటికీ వదల్లేదు. ఎదురెళ్దామంటే ఆ వైపు బస్సులు లేవు. మగ్గిన పండు వాసన అన్న ముక్క ఉదయశ్రీకి చదివి వినిపించాను. షుగరు ప్రాణం మీదికొస్తేనే ఊపిరికి ఆ వాసన వస్తుందట. ఆ పిల్ల ఆఫీసుకు ఫోన్ చేసి, "నాకు లీవ్ ఇస్తె ఇయ్యుండ్రి, లేకుంటె లేదు" అని పెట్టేసింది. రెండు వేల సంవత్సరాన్ని అలా వదిలేసి నా పక్కన కూర్చుంది. కింద వ్యాను ఆగడం ఇద్దరం చూశాం. నేను వెంటనే దిగవలసింది. జబ్బు మనిషి మంచంలో లేకపోతే ఆయన బండి తిప్పుకొని పోతాడేమోనని, దుప్పటి కప్పుకొని పడుకున్నాను. ఈ వయసులో నాటకాలేమిటో!

నీకు మా లిఫ్టు సంగతి తెలియదు. అది పదకొండో అంతస్తు దాకానే వస్తుంది, ఆపైన మెట్లెక్కాలి. మీ ఆయన మందుల సంచి భుజాన వేసుకొని, ఇస్త్రీ చొక్కాతో, ఆయాసపడుతూ వచ్చాడు. ఒక్కడే. పలకరింపు లేదు, నా చెయ్యి అందుకొని నాడి చూడడం మొదలుపెట్టాడు. ఆయన మొహం నేను సుంగై పాలాలో చూసిన మొహం. ముప్పై ఏళ్ళు తగ్గిపోయాడు.

"సూర్యకుమారి ఏది?" అన్నాను.

"కింద బండిలో నిద్రపోతోంది. లేపితే వాంతి చేసుకుంటోంది. ముందు నీ సంగతి చూడనీ. మాట్లాడకు."

నేను చెయ్యి లాక్కొని మెట్లమీదికి పరిగెత్తాను. "ఒరే, రోగివిరా నువ్వు, పరిగెత్తకు!" అని వెనకాలే కేకలు. ఉదయశ్రీ అప్పటికే ఫోనులో అంబులెన్సు వాళ్ళతో అరుస్తోంది. వ్యాను తలుపు నేనే తీశాను. నిన్ను పిలిచాను. భుజం తట్టాను. నువ్వు పలకలేదమ్మా. ఆ ఊపిరి మాత్రం కారుపార్కు అంతా వినిపించింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో, "ఇన్సులిన్ చివరిసారి ఎప్పుడు ఇచ్చారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పాడు. "పినాంగ్‌లో ఆపేశాను. నేనే ఆపాను."

"మీరు డాక్టరా, అంకుల్?"

"డ్రెస్సర్‌ని."

ఆ పిల్లకు ఆ మాట తెలియదు. కాగితం మీద రాసుకోలేదు. "భర్త" అని రాసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ సంచి భుజాన్నుంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ దాన్ని తెరవలేదు.

నా జబ్బు అబద్ధమని నేనింకా చెప్పలేదు. ఆయన అడగలేదు. రోజూ పొద్దున ఒకసారి నా మణికట్టు వైపు చూస్తాడు, మళ్ళీ చూపు తిప్పుకుంటాడు. బాలనాగమ్మకు ఫోన్ చేశాను. బస్సెక్కి వస్తానంది. కాత్యాయనికి కూడా కబురు పంపాను.

నువ్వు నిన్న ఒకసారి కళ్ళు తెరిచి నీళ్ళడిగావట. అందరూ సంతోషించారు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, అవి కోలుకొనేదీ లేనిదీ ఇప్పుడే చెప్పలేమని పెద్ద డాక్టరు అన్నాడు. నాకు సగం కథలు అలవాటే గాని, ఇది మాత్రం చిరిగిపోకుండా చూడమని ఎవరిని అడగాలో తెలియడం లేదు.

ఇప్పుడు మమ్మల్ని లోపలికి రానిచ్చారు. నీ మంచం పక్కనే నిలబడి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నర్సు వచ్చింది. నీ వేలి కొస పొడిచి రక్తపు చుక్క తీసింది. చిన్న దూది ముక్క పార్థసారథి చేతికిచ్చి, "ఒత్తి పట్టుకోండి, అంకుల్" అంది. ఆయన పట్టుకున్నాడు.